నిమ్మ కుండీ

"ముందు గడ్డి పీకెయ్యండి, అప్పుడే లోపలికి," అంది వృద్ధాశ్రమం మేట్రన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మొక్కలొద్దని కాదు మాస్టారూ. కలుపుంటే పురుగూ పుట్రా చేరతాయి."

చక్రాల కుర్చీలో మాస్టారు ఒడిలోని కుండీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. దాని మీద భార్య పాతచీర ముక్క కప్పి ఉంది. అంచు కింద నుంచి గడ్డిపోచలు తొంగిచూస్తున్నాయి.

"మా అక్క నిమ్మ కుండీ అండీ," అన్నాడు బావమరిది సంచులు దించుతూ. "అక్కనైనా ఇంత భద్రంగా చూసుకోలేదు మా బావ."

"నోర్ముయ్‌రా," అంటూ మాస్టారు నవ్వబోయి దగ్గారు. ఇక మందులు దండగని డాక్టరు చెప్పేశాడు. బావమరిదికి ఉన్నది ఒంటిగది, అందులో నలుగురు. ఇక్కడికి వచ్చింది తిరిగి వెళ్లడానికి కాదని ముగ్గురికీ తెలుసు.

"క్షణంలో పని. నేనే పీకేస్తాను." మేట్రన్ చెయ్యి చాచింది.

"వద్దమ్మా! అది పీకితే అంతా పోయినట్టే." కుండీ మీదుగా ఆమె కళ్లలోకి చూస్తూ, ఒకప్పుడు కాలేజీలో చెప్పిన పాఠమే మెల్లగా చెప్పారు. "నిమ్మ వేళ్లలో ఒకరకం బూజు కాపురముంటుంది. వెంట్రుక కన్నా సన్నని పోగులు. అది వేరుకి నీళ్లు తెచ్చిపెడుతుంది, వేరు దానికి తిండి పెడుతుంది. వేరన్నది లేకపోతే దానికి బతుకే లేదు. ఆ పోగులే పక్కనున్న గడ్డివేళ్లలోకీ పాకి, అక్కడా కాపురం పెడతాయి."

"అయితే గడ్డిది దొంగతిండే కదండీ!"

"మేమూ అలాగే అనుకున్నాం. ఆవిడ ఓపికున్నన్నాళ్లూ రోజూ పీకేది. మంచాన పడ్డాక వదిలేసింది. అదే మంచిదైంది."

బావమరిది అటు తిరిగి, సంచి ముడి విప్పి మళ్లీ కట్టాడు.

"మీరెన్ని చెప్పినా రూలు రూలే," అంటూ మేట్రన్ వంగి చీరముక్క ఎత్తి చూసింది. తర్వాత, నిద్రపోతున్న పసిపిల్లకి దుప్పటి సర్దినట్టు మళ్లీ కప్పింది.

"ఎండ వచ్చే కిటికీ పక్కన మంచం వేయిస్తాను," అంది. "దీనికి నీళ్లు నేను పోస్తాను మాస్టారూ. మీ తర్వాత కూడా."

కుండీలో గడ్డి తప్ప ఏ మొక్కా మిగల్లేదు.