మూయవద్దన్న ఫిర్యాదు

చేపల వేటకు వెళ్ళిన నోలీన్ కూతురు బ్రయనీ పడవ జాడ తెలియక నాలుగు రోజులైంది. టాస్మానియా పడమటి తీరమంతా వెతుకుతూనే ఉన్నారు. మూడు రాత్రులుగా, సరిగ్గా రెండు గంటలకు, ఆమె గదిలోని లినక్స్ కంప్యూటర్ తనంతట తానే తెరుచుకుంటోంది. అందులో ఏదో లోపం ఉందనుకుని నోలీన్ గుండె దిటవు చేసుకుంది. ఊరి కంప్యూటర్ సంఘానికి ఫిర్యాదు రాసి, వాళ్ళడిగిన లాగ్, అంటే కంప్యూటర్ ఎప్పుడెలా తెరుచుకుందో నమోదైన చిట్టా, కూడా పంపింది.

ఆ రాత్రి రెండు కావస్తుండగా సంఘం నుంచి డెస్ ఫోన్ చేశాడు.

"ఏంటక్కా, మళ్ళీ మీ పిల్లి కీబోర్డు మీద పడుకుందా?" అని నవ్వించబోయాడు.

"పిల్లి నా ఒళ్ళోనే ఉంది. కీబోర్డు మొన్ననే పీకేశాను. లోపమే కదూ, డెస్?"

డెస్ గొంతు తగ్గించాడు. రేకుల మీద వాన పడుతోంది.

"కాదక్కా. ఎవరో పాస్‌వర్డ్ కొట్టి తెరుస్తున్నారు. నిన్న రాత్రి కూడా. ఒక్కసారీ తప్పు పోలేదు. అదెవరికి తెలుసు?"

"బ్రయనీ ఒక్కదానికే."

"మరి లోపం లేనప్పుడు ఫిర్యాదు మూసెయ్యాలి కదక్కా..."

"వద్దు నాయనా! లోపమనే రాసి ఉంచు. నీకు పుణ్యముంటుంది."

గడియారం రెండు కొట్టింది. పక్కనే బ్రయనీ గదిలో, పీకేసిన కీబోర్డు మీటలు టకటకమన్నాయి. లేచి చూస్తే బిడ్డ ఇక లేదన్నది నిజమైపోతుందని, ఆ తల్లి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.