సెప్టెంబరు పాఠాలు

నా కూతురు మొద్దు కాదట. నారిన్ ఊరి బడిలో బూరుల్ టీచరు ఆ మాట అనగానే, ఈ ముసలి గొర్రెల కాపరి గుండె గుర్రమెక్కి దౌడు తీసింది.

"పెద్దాయనా, లెక్కల్లో దీనికి రానివన్నీ సెప్టెంబరు పాఠాలే. మీరేమో ఏటా తొలి మంచు పడేదాకా కొండ మీది మేతబీళ్లు వదిలి దిగరు. మొదలు వినకుండా చివర ఎట్లా తెలుస్తుంది?"

"నా బుర్రే వచ్చిందనుకున్నానమ్మా ఇన్నేళ్లూ," అని నవ్వుతూ, జేబులోని ఎండు పెరుగుండలన్నీ ఆవిడ చేతిలో కుమ్మరించాను.

"వచ్చే ఏడు బడి తెరిచేసరికి కిందికి పంపండి. మా ఇంట్లో ఉంచుకుంటా."

"పంపడమేంటి తల్లీ, నెత్తిన పెట్టుకుని తెచ్చి దింపుతా."

"నేను రాను," అంది నా కూతురు ఉల్‌జాన్. "లెక్కలెందుకు రావట్లేదో నాకు ముందే తెలుసు టీచరక్కా. చెప్తే పంపేస్తారని చెప్పలేదు. పొద్దు వాలితే నాన్నకి గొర్రేదో రాయేదో తెలీదు. పోయినేడు నేను పట్టుకోకపోతే లోయలోకి నడిచేవాడు."

కాదందామని నోరు తెరిచాను. బయట మసక పడుతోంది. ఇంటికి వెళ్లడానికి నా చెయ్యి దాని భుజం కోసం తడుముకుంది.