అవ్వ అడిగిన ఒట్టు

"ముందు ఆ విమానాల సంగతి తేలనీ. పిల్లను ఆమీట చూపిస్తాం," అంది రామసుబ్బమ్మ.

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు తింటున్న ఓళిగలు చేతుల్లోనే ఆగిపోయాయి.

కడప బజారులోని బట్టల అంగడి గంగాధరం శెట్టిదే గానీ, ఆయన మాట అంగడి గడప దాకానే చెల్లుతుంది. ఇంట్లో చెల్లేది తల్లి రామసుబ్బమ్మ మాట. మనవరాలు అనసూయకు వచ్చిన సంబంధం మిలిటరీ వాడిదని, అక్కడ విమానాలు కూడా ఉంటాయని విన్నప్పటి నుంచి ఆ ముసలావిడకు ముద్ద దిగడం లేదు. యుద్ధం రోజుల్లో ఊరి బయట చేలో కూలిన విమానాన్ని ఆమె కళ్లారా చూసింది మరి.

పెళ్లికొడుకు సుందరం మేనమామ పెంచలయ్య పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. అంగడివాళ్ల ఇంట పుట్టి, తక్కెడ పట్టకుండా ఆగ్రా పోయి మిలిటరీలో చేరిన ఘనుడు. ఒంటిమిట్ట తిరునాళ్లలో అనసూయను చూసిన రోజు నుంచి మాత్రం ఆ ధైర్యం ఎటో పోయింది. ఈ సంబంధం తప్పితే తనకు పెళ్లే వద్దని మేనమామకు తేల్చి చెప్పాడు.

"మిలిటరీలో ఏం పని చేస్తాండావు నాయనా?" గంగాధరం అడిగాడు.

"గుడ్డలు మడత పెడతాను."

"గుడ్డలా!"

"పట్టుగుడ్డలు. శానా పెద్దవి. మడత తప్పిందంటే ఆఫీసర్లు ఊరుకోరు."

గంగాధరం మొహం వెలిగిపోయింది. "అయితే మన పనే! మా గుమాస్తా ఇన్నేండ్లుగా చేస్తాండేది అదే కదప్పా. ఆ మాత్రానికి ఆగ్రా దాకా పోవాల్నా?"

తలుపు వెనక అనసూయ మొహం వాడిపోయింది. తనకు విమానాల మొగుడు వస్తున్నాడని వీధి వీధంతా చెప్పుకుని తిరిగింది పాపం.

"షెడ్డులో పనమ్మా. ఎండ గూడా తగలదు," పెంచలయ్య అందుకున్నాడు.

"గుడ్డలు మడిచేటోణ్ని విమానం ఎక్కించరని ఏం నమ్మకం?" రామసుబ్బమ్మ వదల్లేదు. "అయినా ఎక్కేదాంట్లో ఏముండాది? దిగేకాడే ఉండాది కష్టమంతా. ఆ పొద్దు చేలో కూలింది గూడా దిగతా దిగతానే."

"అమ్మా..." గంగాధరం అడ్డుపడబోయాడు.

"నువ్వుండు. ఏమప్పా సుందరం, ఒంటిమిట్ట రాముని మీద ఒట్టేసి చెప్పు. విమానం కిందికి దిగేటప్పుడు నువ్వు ఎప్పుడన్నా దాంట్లో ఉండావా?"

పెంచలయ్య ఇంటి దూలాల వైపు చూడసాగాడు. కడపలో ఎవరి మీద ఒట్టేసి బొంకినా బొంకవచ్చు, ఆ రాముడి మీద మాత్రం ఎవరికీ నోరు రాదు.

సుందరం లేచి చేతులు జోడించాడు. "రాముని మీద ఒట్టు అవ్వా. విమానం నేలకు దిగేటప్పుడు నేను ఒక్కసారి గూడా దాంట్లో లేను."

రామసుబ్బమ్మ అతని కళ్లలోకి చాలాసేపు చూసింది. ఎంత వెతికినా ఆమెకు అబద్ధం దొరకలేదు.

"పిల్లను పిలవండి," అంది.

పెళ్లయింది. కొత్త దంపతులు ఆగ్రాకు బయలుదేరిన రోజు రామసుబ్బమ్మ స్టేషనుకు కూడా వచ్చి, ఊరగాయ జాడీతో పాటు బోలెడు దీవెనలు ఇచ్చింది. రైలు కదిలింది. అనసూయ మాత్రం మూతి ముడుచుకునే కూర్చుంది.

"నా స్నేహితురాండ్లంతా నవ్వుతాండారు. మీరు ఒక్కసారన్నా విమానం ఎక్కలేదా?"

"శానాసార్లు ఎక్కినా."

అనసూయ ఉలిక్కిపడింది. "అయితే రాముని మీద దొంగ ఒట్టేసినారా? మా అవ్వ ముందర!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు గుడ్డలు మడిచేవాడైనా సర్దుకుపోగలదు గానీ, దేవుడి ముందు బొంకేవాడితో ఎట్లా కాపురం చేయడం?

సుందరం కంగారుపడ్డాడు. "దొంగ ఒట్టు కాదు అనసూయా. అవ్వకు చెప్పనంటే చెప్తా."

"చెప్పను."

సుందరం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎక్కిన ప్రతిసారీ పారాచూట్ కట్టుకుని ఆకాశంలోనే దూకేసినా!"