దారం కొలత

"ఇదీ వద్దు నాన్నా. పెద్దదైపోయింది."

పిల్ల ఆ మాట అనడం ఇది నాలుగోసారి. రెండు ముడులు వేసిన దారం ఒకటి ఇంటి నుంచి తెచ్చుకుంది. కంప్యూటర్ క్యాబినెట్ చూపించినప్పుడల్లా ఆ దారం పక్కన పెట్టి చూడడం, తల అడ్డంగా ఊపడం. విడిభాగాల షాపాయన ఆ ఇనప డబ్బాని కూడా ఎత్తుకెళ్లి అలమరలో పెట్టాడు. పొద్దుటి నుంచి ఆయన ఎత్తి దించిన డబ్బాలతో ఒక గోడ కట్టొచ్చు.

"చూడమ్మా," అన్నాడు ఓపిక తెచ్చుకుని. "గేములాడే మెషీన్‌కి ప్రాణం గ్రాఫిక్స్ కార్డు. నువ్వడిగిన కార్డు అడుగు పొడుగుంటుంది, చిన్న డబ్బాలో పట్టదు. పైగా చిన్న డబ్బాకి చిన్న మదర్‌బోర్డే వెయ్యాలి. దాని రేటు పెద్దదానికంటే ఎక్కువ. ఎక్కువిచ్చి తక్కువ తీసుకుంటానంటే నేనేం చెప్పను?"

తండ్రి లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పీసు పక్కన పారేసే మనిషి. కంప్యూటర్లలో మాత్రం ఓనమాలు రావు. అతని కళ్లు మొదటి నుంచీ మూలనున్న పెద్ద డబ్బా మీదే ఉన్నాయి. ముందు అద్దం, లోపల రంగుల లైట్లు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలనంత బరువు. ఆ బరువే అతనికి నచ్చింది. తన గదిలో ఒకసారి పెడితే ఇక అది అక్కడి నుంచి కదలదు. కోర్టు రాసిచ్చిన ఆదివారాల్లో, తల్లి దగ్గర్నుంచి మొహం వేలాడేసుకుని వచ్చే కూతురు ఇకమీదట పరిగెత్తుకుంటూ వస్తుంది. అతని ఆశంతా అదే. అందుకే ఉన్న ఒక్క బండీ అమ్మేశాడు.

"నా గదిలో పట్టదనా నీ బెంగ? మంచం తీసి బయట పడేస్తాలే. నేను కింద పడుకుంటా."

"అది కాదు నాన్నా."

"మరేంటే?"

పిల్ల దారాన్ని వేలికి చుట్టుకుంది. "చిన్నదే కావాలి. అంతే."

"ఆ కార్డు కోసమే కదే ఆర్నెల్లుగా నా బుర్ర తింటున్నావు!"

"చిన్న కార్డు తీసుకుంటా. గేము కాస్త ఆగి ఆగి ఆడుతుంది. పర్లేదు."

పర్లేదంటున్నప్పుడు ఆ గొంతు పర్లేదన్నట్టు లేదు. షాపాయన కూడా గమనించి కాస్త మెత్తబడ్డాడు.

"పోనీ మానిటరైనా మంచిది చూపించనా తల్లీ?"

"వద్దంకుల్. టీవీకి తగిలించుకుంటా."

తండ్రి కూతురి వేలికున్న దారం వైపు చూశాడు. తన గదిలో ఇనప టేబుల్ ఒకటుంది, తనే వెల్డింగ్ చేసుకున్నాడు. పోయిన ఆదివారం తను టీ పెట్టి తెచ్చేసరికి పిల్ల ఆ టేబుల్ పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఏం చేస్తున్నావే అంటే ఏం లేదంది. ఓహో, టేబుల్ కింద సందు కొలుచుకుందన్నమాట! నాన్న మంచం తీసెయ్యకూడదని ఆర్నెల్ల కోరికని ఆ సందులో పట్టేంతకి కుదించుకుంది. పధ్నాలుగేళ్లకే ఎంత పెద్దరికం! అతనికి కళ్లు చెమ్మగిల్లాయి.

"పిల్ల చెప్పినట్టే బిగించి ఇవ్వండి," అన్నాడు షాపాయనతో. "కొలత విషయంలో నా కూతురు అచ్చం నాలాగే. తేడా రానివ్వదు."

గంటన్నర పట్టింది. షాపాయన స్క్రూలు బిగిస్తుంటే పిల్ల బల్ల మీదికి వంగి, ఏ తీగ ఎక్కడికో ఆయనకంటే ముందే చెప్పేసింది. తొలిసారి ఫ్యాన్ తిరిగినప్పుడు పిల్ల మొహం వెలిగిపోయింది. తండ్రి బిల్లు కట్టి వచ్చేసరికి మళ్లీ మామూలైంది.

అట్టపెట్టెలో పెట్టిన కంప్యూటర్‌ని తండ్రి చంకన ఇరికించుకున్నాడు. మరీ ఇంత తేలికా అనిపించింది.

"పద, టేబుల్ కింద పెట్టేద్దాం. వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి మరి," అన్నాడు రోడ్డు మీదికి వచ్చాక. "ఆ దారం ఇలా ఇవ్వు. దాచుకుంటా."

పిల్ల ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చింది. అతను పెట్టెని అరుగు మీద దించి, చెయ్యి ఊరుకోక, జేబులోంచి స్టీలు స్కేలు తీసి దారం మీద జరుపుకుంటూ కొలిచాడు. ముడికీ ముడికీ మధ్య పధ్నాలుగు అంగుళాలకి కాస్త తక్కువే వచ్చింది. టేబుల్ కింద సందు పదహారు.

"తప్పావు కదే!" అని నవ్వాడు. "ఇది మన టేబుల్ కొలత కాదు."

"టేబుల్ కొలత కాదు నాన్నా. విమానంలో చేత్తో పట్టుకుని ఎక్కనిచ్చే బ్యాగు వెడల్పు." పిల్ల తల ఎత్తలేదు. "అమ్మకి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. బుధవారం వెళ్లిపోతున్నాం. నువ్వు బిల్లు కట్టాక చెప్పమంది."