భుజాన పడే ముద్ర

“రేపు ఆ తుండుగుడ్డ నా భుజానే పడతాది,” అన్నాడు చెన్నయ్య, గొర్రెల దొడ్డికి తడిక కడుతూ.

సెలవుకు ఇంటికొచ్చిన కూతురు సుంకులమ్మ చేతిలోని తాడు కింద పెట్టింది. ఆ గుడ్డ సంగతి కొండాపురం పక్క పల్లెల్లో తెలియనివాళ్ళు లేరు. లక్ష్మీకాంతమ్మ మొగుణ్ణి జమ్మలమడుగు దారిలో నరికేశారు. అప్పటినుంచి పార్టీ ఆమెది. ఎవణ్ణయినా చంపించాలంటే ఆమె నోరు విప్పదు. మొగుడి తుండుగుడ్డ తెచ్చి ఒకడి భుజాన వేస్తుంది. వాడు పోయి నరకాలి. కాదంటే వాడి ఇల్లుండదు. దీనికి రాజకీయమని పేరు.

“ఈసారి ఎవుర్ని నాయనా?”

“ప్రొద్దుటూరులో గొర్రెలు కొంటాడే, వెంకటేశు. ఓట్ల కాడ అవతలి పార్టీకి ఏజెంటుగా కూచుంటాండాడంట. నేనైతే అనుమానం లేకుండా తలుపు తీస్తాడని నన్ను పట్టుకున్యారు.”

“నేను హైదరాబాదులో చదివేది గూడా ఇదే.”

“మనుషుల్ని నరికేదా?”

“కాదు నాయనా. మన ఒంట్లో కణాలుండాయి గదా. వాటిల్లో ఆర్‌ఎన్‌ఏ అని దారం మాదిరి ఉంటాది. అక్కరలేని ముక్కలు కోసేసి, మిగిలినవి అతకాల. ఆ కోతకు కొన్ని ప్రోటీన్లుండాయి. అవి వాటంతట అవి పనికి పోవు. కైనేజ్ అనేది వాటిని పట్టుకొని ముద్ర కొడతాది. ముద్ర చూసినాకనే లోపలి వాకిలి కాపలా వాటిని ఇడుస్తాది. లోపలికి పోతేనే కోత.”

“కైనేజంటే మా లచ్చుమీకాంతమ్మే గదా!”

సుంకులమ్మ నవ్వలేదు. “ఆ కైనేజ్ ఒంట్లో ఒక గాడి ఉంది. కోత ప్రోటీను తోక ఆ గాడిలో ఇమిడితేనే దానికి పట్టు దొరికేది. మేము ఆ గాడిలో వేరే ముక్క కూరి చూస్తాండాం. పట్టు దొరక్కపోతే ముద్ర పడదు.”

చెన్నయ్య తడిక వదిలేశాడు.

“మరి ఆ గుడ్డకు అడ్డం ఏం పెడదాం మ్మే?”

“కార్తీకమే గదా. అయ్యప్ప మాల ఏసుకో. మాలలో ఉన్నోనికి నెత్తురు పని చెప్పాలంటే ఎంతటోళ్ళకైనా బయముంటాది.”

ఆ సాయంత్రమే చెన్నయ్య గురుస్వామి దగ్గర మాల వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున లక్ష్మీకాంతమ్మ తుండుగుడ్డతో వాకిట్లోకి వచ్చింది. నల్ల పంచెనూ మాలనూ చూసి ఆగిపోయింది. గుడ్డ చంకలో పెట్టుకొని రెండు చేతులూ జోడించింది.

“స్వామియే శరణం. ఎప్పుడేసుకుంటివి చెన్నయ్యా?”

“నిన్ననేమ్మా. మండల దీక్ష. నెత్తురు ముట్టుకోగూడదు.”

“ముట్టుకోగూడదు.”

గేటు దగ్గరున్న సుంకులమ్మకు ఊపిరాడింది.

లక్ష్మీకాంతమ్మ జీపు తోలే ఓబులయ్యను కేకేసింది. “ఒరే, మనోళ్ళకు ఇంకో నాలుగు మాలలు, నల్ల పంచెలు పట్టుకురా. ప్రొద్దుటూరు చెక్‌పోస్టు ఎట్లా దాటాల్నా అని నాకు నిద్రే లేకపోయె. స్వాముల జీపును పోలీసోళ్ళు తడమరు. చెన్నయ్య స్వామి ముందర కూచుంటాడు.”

తుండుగుడ్డ మాల మీదనే పడింది.