ఓనరు గారికి సన్మానం

ఇలా నా పక్కకి జరగండమ్మా, గట్టిగా చెప్పే కథ కాదిది. సాలూరు గౌరి సంగతి.

ఆ సాయంత్రం మొగుడు వెంకటసాయి సంచిలోంచి జరీ అంచు శాలువా తీస్తుంటే గౌరి చూసేసింది.

“ఎవులికి మావా ఇది?”

“సంద్రమౌళి బాబుకి. ఆదివారం లారీ ఓనర్ల సంఘం హాల్లో సన్మానం. సంఘపోళ్లని నేనే ఒప్పించినాను.”

గౌరి చేతిలోని గరిట అక్కడే ఆగిపోయింది. పేరు వింటేనే ఒళ్లు మండే మనిషికి శాలువానా?

చంద్రమౌళి ఆ ఊరి కిరాణా వర్తకుల ఇంటివాడే. కెనడాలో లారీ కంపెనీలకి డ్రైవర్లని పంపే ఏజెన్సీ నడుపుతున్నాడు, ఇప్పుడు సెలవుకి ఊరొచ్చాడు. వెంకటసాయిని తీసుకెళ్లింది అతనే. సాలూరులో స్టీరింగు పట్టినవాడికి కల ఒక్కటే, ఎప్పటికైనా ఓనరు అనిపించుకోవాలని. ఆ బలహీనత చంద్రమౌళికి తెలుసు. అక్కడ దిగగానే వెంకటసాయి ముందు కాగితాలు పెట్టి, “జీతగాడిగా ఎందుకురా, నీ పేరునే కంపెనీ పెట్టిస్తాను. నువ్వు ఓనరువి. నాకు బిల్లు పంపించు, డబ్బు తీసుకో” అన్నాడు. అలా చేస్తే ఏజెన్సీకి పన్నులూ బీమా ఖర్చూ తప్పుతాయని వెంకటసాయికి తెలీదు. మురిసిపోయి సంతకం పెట్టాడు. లారీ వాళ్లది, దారి వాళ్లు చెప్పింది, సెలవు వాళ్ల దయ. పేరు మాత్రం ఓనరు. ఆ కబురు అందిన రోజు ఇక్కడ గౌరి వీధంతా మిఠాయి పంచింది.

తర్వాత కదా అసలు సంగతి. అక్కడే స్థిరపడి గౌరినీ కూతురు పింకీనీ తీసుకెళదామని వెంకటసాయి దరఖాస్తు పెట్టాడు. వీసా ఆఫీసువాళ్లు తిప్పి పంపేశారు. ఒకరి దగ్గర ఉద్యోగం చేస్తేనే ఆ కాలం లెక్కకి వస్తుందట. సొంత కంపెనీ ఓనరు చేసిన పని లెక్కలోకి రాదట. మంచులో నడిపిన లారీ, తినీ తినకా గడిపిన ఏళ్లు, అన్నీ ఏ గంగలోనో కలిసిపోయాయి. ఇల్లు అమ్మి వెళ్లినవాడు అద్దె గదికి తిరిగొచ్చాడు. మళ్లీ పరాయివాళ్ల లారీయే గతి.

“ఆడి కొంప కూలాల అనుకోవాల్సింది పోయి శాలువా కప్పుతావా? నీకు పౌరుషం సచ్చిపోనాదా?”

“కోపం ఎట్టుకుంటే పోయిన ఇల్లు వస్తాదేటే?” అని వెంకటసాయి శాలువా మడతపెట్టాడు.

మర్నాడు గౌరి తిన్నగా కిరాణా కొట్టుకే వెళ్లింది. చంద్రమౌళి గల్లాపెట్టె పక్కన కూర్చుని జీడిపప్పు నములుతున్నాడు.

“ఏమ్మా గౌరీ, మీ ఆయన సన్మానం చేస్తానంటున్నాడు. నువ్వింకా మొహం గంటు పెట్టుకునే ఉన్నావా?”

“ఓనరని సెప్పి సంతకం ఎట్టించినప్పుడు, అది ఎందుకూ పనికిరాదని నీకు తెల్దా బాబూ?”

“తెలీకేం?” చంద్రమౌళి నవ్వాడు. “తెలుసు కాబట్టే నేనలా చెయ్యలేదు. కాగితాల మీద ఏజెన్సీ మా బావమరిదిది. నేను జీతానికి మేనేజర్ని. నా దరఖాస్తు వీసా ఆఫీసులో ఉంది. ఈ ఏడాది అక్కడే పర్మినెంటు అయిపోతాను. బుర్రుండాలమ్మా.”

గౌరి విసురుగా కొట్టు దిగింది. ఇంటికొచ్చి మొగుడికి చెబితే, “పెద్ద బుర్రే” అని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఇక ఈ మనిషితో లాభం లేదు, నలుగురిలో నేనే చెప్పు తీస్తానని గౌరి ఆ క్షణమే నిర్ణయించుకుంది.

ఆదివారం హాలు నిండింది. లారీ ఓనర్లంతా తెల్లచొక్కాలతో ముందు వరసలో ఉన్నారు. ఒక మూల టీ పోస్తున్నారు, ఇంకో మూల కేబుల్ టీవీ గంగులు వీడియో తీస్తున్నాడు. గౌరి వేదిక మెట్ల పక్కనే కూర్చుంది. ఒక కాలి చెప్పు అప్పటికే చీర కుచ్చిళ్ల చాటున చేతిలో ఉంది.

సంఘం పెద్ద అప్పలనరసింహం, వెంకటసాయి రాసిచ్చిన కాగితం చూసి చదివాడు. “కెనడాలో ఒక ఏజెన్సీలో మేనేజరు ఉద్యోగం చేస్తున్న మన ఊరి బిడ్డ...”

ముందు వరసలో ఎవరో నవ్వారు. “అయితే జీతగాడేనేటి? మరి ఓనరన్నారు?”

చంద్రమౌళి మొహం కందగడ్డయింది. వెంకటసాయి పరుగున వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

“తప్పయిపోనాది బాబూ. సదువు లేనోణ్ని. తమరే ఓపాలి మైకులో సెప్పండి.”

చంద్రమౌళి మైకు లాక్కున్నాడు. “ఎవడన్నాడు మేనేజర్ని? ఆ ఏజెన్సీ నాది. పెట్టుబడి నాది, లాభం నాది. మా బావమరిది సంతకానికే. చంద్రమౌళి ఒకడి దగ్గర జీతం తీసుకునే రకం కాదు. ఓనరు.”

హాలు చప్పట్లతో మోగింది. వెంకటసాయి శాలువా కప్పి, కాళ్లకి దణ్ణం పెట్టాడు. గౌరి ఇక ఆగలేక లేచింది. చెప్పున్న చెయ్యి పైకి లేచేలోగా మొగుడొచ్చి మణికట్టు పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోయాడు.

“ఒగ్గు మావా. ఆడి కాళ్లు పట్టుకున్న సేత్తో నన్ను ముట్టుకోకు. ఒక్క దెబ్బైనా కొట్టనిచ్చినావు కాదు.”

“సెప్పు దెబ్బ ఒక పూట మండుతాది, అంతే.”

“అయితే ఈడికి శాలువా కప్పి పంపుతావా?”

మీరూ గుర్తుపెట్టుకుని మీవాళ్లకి చెప్పండమ్మా, కాకపోతే వెంకటసాయి అప్పుడిచ్చిన జవాబు మాత్రం ఆఖర్న చెప్పండి.

“గంగులు తీసిన వీడియో కెనడా వీసా ఆఫీసుకి ఎల్తాది.”