సొరదొర వదిలిన గొట్టం

సముద్రం అడుగున, ఇసుక దిబ్బ పక్కన పీతమ్మ కాపురం. ఆ గుమ్మం మీదుగానే సొరదొర చమురు గొట్టం వేయించాడు. కొన్నేళ్ళకు చమురు ఊట ఎండిపోయింది. దొర తన మందితో సహా అక్కడి నుంచి బయల్దేరాడు.

పీతమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"దొరా, గొట్టం తీసుకుపో. తుప్పుపట్టి రాలుతోంది. లోపల ఇంకా చమురుంది."

"వెయ్యడానికి మావాళ్ళు ఒక్క పూట వేట మానుకున్నారు. తియ్యాలంటే ఏడాదంతా పస్తులుండాలి. ఎవడి వల్లవుతుంది? నువ్వే ఉంచుకో, కానుక!"

"మా పీతల్లో పాత డొల్ల విడిచినవాళ్ళే దాన్ని తినేస్తారు. ఇంకొకరి గుమ్మంలో వదిలిపోరు."

"అందుకే నువ్వు పీతవి, నేను దొరని," అంటూ సొర తోక విదిలించాడు.

ఆ దెబ్బకు గొట్టం ఫెళ్ళున పగిలింది. నల్లటి చమురు బుస్సున ఎగజిమ్మింది. దొర వెనక్కి చూడకుండా ఉడాయించాడు.

చీకటి కమ్మిన నీళ్ళలో, ఆ మాటలన్నీ విన్న పక్కింటి నత్తత్త ఉక్కిరిబిక్కిరవుతూ అడిగింది. "ఈ డొల్ల ఎవరిదే, పీతమ్మా?"

పీతమ్మ నోట్లోకొచ్చిన నలుపు ఉమ్మింది.

"విడిచింది వాడు అత్తా. తింటున్నది మనం."